మంజూరైన తోక

కోస్తా ప్రాంత జీవవిజ్ఞాన విశ్వవిద్యాలయంలో ఎవరైనా ఏదైనా కనిపెట్టాలంటే, ఏం కనిపెడతారో ముందుగా రాసిచ్చి అనుమతి తీసుకోవాలి. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తేనే ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. అలాంటిది చెప్పాపెట్టకుండా నిజాలొచ్చి గుమ్మంలో కూర్చుంటే అంత పెద్ద సంస్థ ఎంత కంగారుపడాలి?

అందుకని పరిశోధనలో చేరేవాళ్ళు నింపే దరఖాస్తులో పద్నాలుగో గడి అని ఒకటుంది. “పరిశోధన చివర తేలబోయే విషయం” అని దాని పేరు. ఆ గడి ఖాళీగా వదిలితే దరఖాస్తు పుచ్చుకోరు. “ఇంకా తెలియదు” అని రాసినా పుచ్చుకోరు. తెలియని విషయం మీద ఆరేళ్ళు పరిశోధన చేస్తాననడం ఎంత బాధ్యతారాహిత్యమో గుమాస్తాలు నిలబెట్టి చెప్పి పంపిస్తారు.

నడకుదుటి హేమలతది నర్సాపురం అవతల సముద్రపొడ్డు పల్లె. వాళ్ళ వంశంలో వల వేయబోయే ముందు ఏ చేప పడుతుందో రాసిచ్చినవాళ్ళు ఎవరూ లేరు. అందుచేత చేరిన రోజున ఆ పిల్ల పద్నాలుగో గడి దగ్గర ఆగిపోయింది. వెనక వరసలో ఉన్న సీనియరొకాయన జాలిపడి, సంచిలోంచి ఒక పాత సినాప్సిస్ తీసి చేతిలో పెట్టాడు. ఆ సినాప్సిస్ ఆ డిపార్టుమెంటు ఉమ్మడి ఆస్తి. చేరిన ప్రతివాళ్ళూ అందులో తమ పేరూ, నీళ్ళు పట్టిన కాలవ పేరూ, బ్యాక్టీరియా పేరూ మార్చి, మిగతాదంతా కామాలతో సహా దించేస్తారు. హేమలత కూడా దించింది. పద్నాలుగో గడిలో ఇలా పడింది: “ఎంపిక చేసిన ఫేజ్ జన్యువు తోక ప్రోటీన్‌ను తయారుచేయునని తేలును.”

ఫేజ్ అంటే బ్యాక్టీరియాను పట్టి చంపే వైరస్. దానికొక తలకాయ, దానికింద తోక. తోకతో బ్యాక్టీరియా ఒంటి మీద వాలుతుంది, తన సరుకు లోపలికి దింపుతుంది, లోపల వందల పిల్లల్ని పెడుతుంది. హేమలతకు ముందు ఆ డిపార్టుమెంటులో ఇరవై మూడు మంది, ఇరవై మూడు కాలవల నీళ్ళలోంచి, ఇరవై మూడు ఫేజులు పట్టి, తలా ఒక జన్యువు చదివారు. ఇరవై మూడుసార్లూ తోక ప్రోటీనే తేలింది. ప్రకృతి ఆ జిల్లాలో అంత క్రమశిక్షణగా ఉండేది.

ఇరవై నాలుగోసారి ప్రకృతి తోక జాడించింది.

మొగల్తూరు పక్కన కడలి సత్తిబాబు అనే రైతుకు రొయ్యల చెరువులున్నాయి. విబ్రియో అనే బ్యాక్టీరియా సోకి మూడు చెరువుల్లో రొయ్యలు తేలిపోతుంటే, నాలుగో చెరువు మాత్రం నిక్షేపంగా ఉంది. హేమలత ఆ నాలుగో చెరువు నీళ్ళలోంచి విబ్రియోను చంపే ఫేజ్‌ను పట్టుకుంది. దాన్ని పెంచింది, దాని జన్యువొకటి విడదీసింది, అక్షరాలు చదివే యంత్రానికి పంపింది. నాలుగు వందల ఎనభై అక్షరాలు తిరిగొచ్చాయి. అన్నీ ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాల తిరగమోత. ఆ వరసను ప్రపంచంలో ఇంతవరకూ చదివిన జన్యువులతో పోల్చి చూస్తే అది తోకతో ఏమాత్రం కలవలేదు. గోడ కోసే ఎంజైమ్‌తో కలిసింది.

ఇది ఫేజ్‌కున్న కత్తి. లోపల పిల్లలు పెరిగాక బ్యాక్టీరియా గోడను కోసి అందరినీ బయటికి వదిలేది ఇదే. హేమలత మాటమీద నమ్మే రకం కాదు. ఆ జన్యువుతో ప్రోటీన్ చేయించింది. పైపొర వదులుచేసిన విబ్రియోను గాజుగొట్టంలో పోస్తే పల్చటి మజ్జిగలా ఉంది. అందులో ప్రోటీన్ వేసి గడియారం చూసుకుంటూ కూర్చుంది. పన్నెండు నిమిషాల్లో గొట్టం కుళాయి నీళ్ళలా తేటపడింది. అయిదేళ్ళ తొమ్మిది నెలల చాకిరీలో ఆ పిల్లకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పట్టలేక, పక్కగదిలో బల్లలు తుడుస్తున్న ఆవిడను చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించింది. ఆవిడ చూసి, “శుభ్రంగా కడిగేవమ్మా,” అని మెచ్చుకుంది.

గైడు ఆచార్య ముక్కామల సదానందం గారు జూన్‌లో రిటైరవుతారు. ఆయన కాగితాలు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు తిరగేశారు.

“తోక రాలేదా?” అన్నారు చివరికి.

“లేదు సార్. గోడ కోసేది వచ్చింది.”

“మళ్ళీ చూశావా?”

“మూడుసార్లు చూశాను సార్.”

“నాలుగోసారి కూడా చూడాల్సింది,” అన్నారాయన కాగితాలు జాగ్రత్తగా మడిచి ఇస్తూ. “మార్చి ముప్పయ్యొకటికి నీ ఆరేళ్ళు నిండిపోతాయి. ఆ లోపల థీసిస్ ఆమోదం కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ళూ గోదాట్లో కలిసినట్టే. తెలుసుగా?”

తెలుసు. జనవరి సగం అప్పటికే అయిపోయిందని కూడా తెలుసు.

మామూలు రోజుల్లో అయితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పద్నాలుగో గడిలో ఏముందో థీసిస్ చివరి పేజీలో ఏముందో కలిపి చూసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. కానీ అంతకు ముందు ఏడాది వైస్ చాన్సలర్ గారు ఒక కొండ మీద విడిదిలో మూడు రోజుల సదస్సుకు వెళ్ళి, “ఫలితాధారిత పరిశోధన” అనే మాట నేర్చుకుని దిగారు. దిగుతూనే ఫలితాల అనుగుణ్యతా విభాగం పెట్టారు. మొదట ప్రకటించిన ఫలితమే చివర వచ్చిందా లేదా అని చూడటం దాని పని. వస్తే నూరు శాతం సాధన. హేమలత డిపార్టుమెంటుకు ఇరవై మూడుకు ఇరవై మూడు, నూరు శాతం. ఏప్రిల్‌లో గ్రేడులిచ్చే బృందం రాబోతోంది. ఆ నూరు చూపించి పై గ్రేడు కొట్టాలని వైస్ చాన్సలర్ గారి సంకల్పం.

విభాగానికి సూపరింటెండెంటు మద్దా ఇమ్మానియేలు గారు. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసు. జీవశాస్త్రం తనకు తెలియదని ఆయన ఎప్పుడూ దాచుకోలేదు. రూల్సు తెలుసని కూడా దాచుకోలేదు.

“ఏవమ్మా, ఇక్కడేమో తోకన్నారు. అక్కడేమో గోడంటున్నారు,” అన్నాడాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి.

“ముందు రాసింది ఊహ సార్. ఇది ఫలితం.”

“గడిలో ఊహ అని లేదు గదమ్మా. తేలబోయే విషయం అనుంది. తేలబోయేది తోక. అది తేల్లేదు. అంటే మీ పని ఇంకా అవ్వలేదన్నమాట.”

“అయిపోయింది సార్. జన్యువులో ఉన్నదే అది.”

ఇమ్మానియేలు గారు సానుభూతిగా ఆలోచించాడు. మనిషి చెడ్డవాడు కాదు. “పోనీ, ఎన్ని అక్షరాలన్నారు? నాలుగొందల ఎనభయ్యా? అందులో ఎన్ని మారిస్తే తోకవుద్ది?”

“దాదాపు అన్నీ సార్.”

“దాదాపంటే ఎన్ని? సగానికి లోపైతే చిన్న సవరణ కింద పెట్టి, డీన్ గారి దగ్గరే పాస్ చేయించేస్తాను. సగం దాటితే కొత్త జన్యువు కింద లెక్క. మళ్ళీ మొదటి ఏడాది నించీ రావాలి.”

“అక్షరాలు మనం మార్చేవి కాదు సార్!”

“మనమే కదమ్మా టైపు చేసింది,” అన్నాడాయన.

వారం తిరక్కుండా సంజాయిషీ నోటీసు వచ్చింది. పరిశోధనల డీన్ ఆచార్య పెన్మెత్స రామభద్రరాజు గారి సంతకంతో. “సూచిక యందలి దరఖాస్తు ప్రకారము సదరు జన్యువునకు తోక ప్రోటీన్ మంజూరు చేయబడియుండగా, తమరు ఎట్టి ముందస్తు అనుమతియు లేకుండా గోడను కోయు ఎంజైమును గుర్తించియున్నారు. ఇందువలన తమ డిపార్టుమెంటు సాధనా శాతము తొంభై అయిదు పాయింటు ఎనిమిదికి పడిపోవు ప్రమాదమున్నది. తమపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలో తెలుపవలెను.”

హేమలత వినయంగానే జవాబు రాసింది. జన్యువు ఏ ప్రోటీన్ చేయాలో తాను నిర్ణయించలేదనీ, ఆ నిర్ణయం తాను విశ్వవిద్యాలయంలో చేరడానికి ఎంతోకాలం ముందే జరిగిపోయిందనీ. దాని మీద డీన్ గారు ఆకుపచ్చ సిరాతో, “సదరు నిర్ణయము ఎవరి అనుమతితో జరిగినది?” అని రాసి పంపారు. ఫేజ్ అనుమతులు తీసుకోదని ఆమె మళ్ళీ రాసింది. “ఫేజునకు విశ్వవిద్యాలయ నిబంధనలు తెలియజేసినట్లు రుజువు జతపరచవలెను,” అని వచ్చింది. ఇలా ఫైలు బలిసి, రెండు చేతులతో ఎత్తేటంత అయ్యేసరికి ఫిబ్రవరి కూడా అయిపోయింది. హేమలతకు నిద్ర పట్టడం మానేసింది.

మార్చి మొదటి వారంలో విచారణ పెట్టారు. కమిటీలో ముగ్గురు. డీన్ గారు, ఆచార్య తటవర్తి విజయకుమారి గారు, గైడు సదానందం గారు. ముగ్గురూ ఆ డిపార్టుమెంటులోనే డాక్టరేట్లు తీసుకున్నవాళ్ళు. ముగ్గురిదీ తోకే.

“మాకందరికీ తోక వచ్చిందమ్మా,” అన్నారు డీన్ గారు, ఇంటి పెద్ద మందలించినట్టు. “పాతికేళ్ళుగా వస్తోంది. నీ ఒక్కదానికే ఎందుకు రాలేదు? లోపం ఎక్కడుందో ఆత్మపరిశీలన చేసుకున్నావా?”

“సార్, ఆ గొట్టం తెచ్చి చూపిస్తాను. పన్నెండు నిమిషాలు...”

“ఇది కార్యాలయం. ఇక్కడ గొట్టాలు చూడటానికి నిబంధన లేదు.”

సాక్షిగా కడలి సత్తిబాబును పిలిపించారు, ఫేజ్ పుట్టినచోటు ఆయనది కాబట్టి. ఆయన తెల్లచొక్కా వేసుకుని, చేతిలో టోపీ నలుపుకుంటూ వచ్చాడు.

“తమరి చెరువులో నివసించుచున్న సదరు ఫేజునకు తోక ఉన్నట్లు తమరు గమనించియున్నారా?” అని అడిగారు డీన్ గారు.

“ఆయ్, నాకు తోకలూ తెలీవు, తలకాయలూ తెలీవండి. ఈ అమ్మాయిగోరు ఆ మందునీళ్ళు తెచ్చి పిల్లరొయ్యల తొట్లో పోసేరండి. పక్క తొట్లో అన్నీ చచ్చేయండి. ఈ తొట్లోయి బతికేయండి. అంతే నండి నాకు తెలిసింది.”

“అంటే తోక లేదని తమరు చెప్పలేరు.”

“చెప్పలేనండి. ఉందనీ చెప్పలేనండి. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదే మాటెందుకండి, రొయ్యలు బతికేయి గదండి?”

“తోక లేదని సాక్షి చెప్పలేకపోయినారు,” అని డీన్ గారు రాయించారు.

మధ్యలో టీకి లేచారు. హేమలత వరండా చివర నిలబడితే విజయకుమారి గారు పక్కకొచ్చి, గొంతు తగ్గించి, “నీతో అంటున్నా, ఎక్కడా అనకు. మా రోజుల్లో జన్యువును ఫిల్ము మీద చదివేవాళ్ళం, నా ఫిల్ము మీద సగానికి పైగా అక్షరాలే పడలేదు. తోక అని రాసేశాను. నా పెళ్ళి ముహూర్తం దగ్గర పడింది అప్పట్లో,” అని, ఆమె భుజం తట్టి వెళ్ళిపోయారు. అయిదు నిమిషాల తర్వాత డీన్ గారు చేతులు కడుక్కునే నెపంతో వచ్చారు. “నాది తలకాయ ప్రోటీన్,” అన్నారు అటూ ఇటూ చూసి. “నేను గొడవ చేశానా? చెయ్యలేదు. డీన్ అయ్యాను.” సదానందం గారు మాత్రం ఆ వైపు రాలేదు. టీ కూడా తాగలేదు.

మళ్ళీ కూర్చున్నాక కమిటీ దయ చూపింది. “పరిశీలనలో పొరపాటు జరిగినది, సదరు ప్రోటీన్ తోకకు సంబంధించినదే” అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే నోటీసు వెనక్కి తీసుకుంటారు. వారంలో థీసిస్ ఆమోదం. పెట్టకపోతే ముప్పయ్యొకటో తారీఖు ఎలాగూ వస్తుంది. ఆలోచించుకోవడానికి మర్నాడు పదకొండు గంటల దాకా గడువిచ్చారు.

హేమలత సంతకం పెడదామనే అనుకుంది. అనుకోలేదని చెబితే అబద్ధం. ఆరేళ్ళు ధారపోస్తే వచ్చే డిగ్రీ, ఒక్క వాక్యం దూరంలో ఉంది. ఇరవై మూడు మంది ఆ వాక్యం మీద నడిచి పోయి హాయిగా బతుకుతున్నారు. కానీ వాళ్ళ నాన్న ఒడ్డున చేపల బుట్ట దించేవాడు. చందువా చేపను పండుగప్ప అని చెప్పి అమ్మినవాడు మర్నాడు ఆ ఒడ్డున నిలబడలేడు. పడ్డ చేపను దాని పేరు పెట్టే పిలవాలి. గొట్టం తేటపడటం తన కళ్ళతో చూశాక దానికి తోక అని పేరు పెట్టడానికి ఆమెకు చెయ్యి రావడం లేదు. అలాగని డిగ్రీ వదులుకోవడానికీ మనసు రావడం లేదు. సైకిల్ స్టాండు అరుగు మీద కూర్చుని ఏడ్చింది.

ఇంటికి పోతున్న ఇమ్మానియేలు గారు బండి దిగాడు.

“సంతకం పెట్టమనీ నేననను, వద్దనీ అనను. ఆఫీసు మనిషిని,” అన్నాడు బండికి స్టాండు వేస్తూ. “ఒక్క సంగతి చెప్తాను. మా వీధిలో ఒకాయన ప్లాను లేకుండా మేడ మీద మేడేశాడు. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి అక్రమం అన్నారు. ఆయన ఔనన్నాడు. శిక్షేశారు. అంతే, అది క్రమబద్ధం అయిపోయింది. ఇప్పుడా మేడకి నంబరుంది, కుళాయుంది. మా తమ్ముడు పద్ధతిగా ప్లాను పెట్టేడు. ఏడేళ్ళైంది, ఇంకా పునాది కూడా తవ్వలేదు.”

హేమలత కళ్ళు తుడుచుకుని చూసింది.

“శిక్ష పడని తప్పు ఎప్పటికీ తప్పుగానే ఉండిపోద్దమ్మా. శిక్ష పడిందా, రైటైపోద్ది. మన రూల్సులోనూ ఉంది, తొమ్మిదో రూలు మూడో క్లాజు. అనుమతి లేని ఫలితం కనిపెట్టిన విద్యార్థికి రాతపూర్వకంగా మందలింపిచ్చాక, ఆ ఫలితాన్ని మంజూరైన ఫలితంగానే భావించాలి. ఇంతవరకూ ఎవరూ వాడుకోలేదు. ఎవరూ ఏమీ కనిపెట్టలేదనుకుంటాను.”

మర్నాడు పదకొండింటికి హేమలత కమిటీ ముందు నిలబడింది.

“సార్, నేను తప్పు చేశాను. అనుమతి లేకుండా గోడ కోసే ఎంజైమ్‌ను కనిపెట్టాను. నన్ను శిక్షించండి.”

డీన్ గారు తెల్లబోయారు. “మేం క్షమిస్తామంటుంటే!”

“క్షమించకండి సార్, మీకు పుణ్యముంటుంది. మెమో ఇవ్వండి. గట్టిగా ఇవ్వండి.”

ఇమ్మానియేలు గారు దగ్గి, తొమ్మిదో రూలు చదివి వినిపించాడు. మందలించి ఫలితాన్ని క్రమబద్ధం చేస్తే సాధన శాతం నూరుకు నూరూ ఉంటుంది. ఆ మాట వినగానే డీన్ గారి ముఖం విచ్చుకుంది. “అయితే ఇప్పుడే జారీ చేద్దాం,” అన్నారు.

“అలా కుదరదండి,” అన్నాడు సూపరింటెండెంటు. “శిక్షెయ్యాలంటే నేరం రుజువవ్వాలి. ఆవిడ కనిపెట్టానంటే సరిపోదు. నిజంగా కనిపెట్టినట్టు తేలాలి. అది గోడ కోసేది కాదని రేపెవరైనా అప్పీలు చేస్తే, నిరపరాధికి శిక్షేసినట్టవుద్ది. మన ఉద్యోగాలు పోతాయండి.”

ఆ విధంగా, ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో మొట్టమొదటిసారిగా, ఒక పరిశోధన ఫలితం నిజమా కాదా అని చూశారు.

చూడటమంటే అలా ఇలా చూడలేదు. జన్యువు నమూనాను లక్క సీలు వేసి, రెండు వేరువేరు ఊళ్ళలోని ప్రయోగశాలలకు పంపారు. ఒకరి జవాబు ఒకరికి తెలియకూడదని సూపరింటెండెంటు పట్టుబట్టాడు. ఇద్దరి దగ్గరనుంచీ అవే నాలుగు వందల ఎనభై అక్షరాలు వచ్చాయి. హేమలత థీసిస్‌లో మూడు వందల పదకొండో అక్షరం కొంచెం అనుమానంగా ఉండేది. అది కూడా తేలిపోయింది. ముద్దాయి లేబొరేటరీలో ఉన్న ప్రోటీన్‌ను ముద్దాయి తాకకుండా, వేరే డిపార్టుమెంటు మనిషి చేత మళ్ళీ తయారు చేయించారు. ప్రోటీన్ వేసిన గొట్టం పక్కన ఉట్టి నీళ్ళు వేసిన గొట్టం కూడా ఉండాలన్నది సూపరింటెండెంటే. “రెండో వైపు సాక్ష్యం లేకపోతే కేసు నిలబడదు గదండీ,” అన్నాడు. హేమలత ఆయన్ని ఆశ్చర్యంగా చూసింది. ఆరేళ్ళలో ఆ మాట ఆమెకు చెప్పిన మొదటి మనిషి ఆయనే.

ఇరవై ఆరో తారీఖు మధ్యాహ్నం పంచుల సమక్షంలో ప్రయోగం. పంచులుగా పోస్టుమాస్టరు గారినీ, గ్రామ రెవెన్యూ అధికారినీ పిలిపించారు. కమిటీ ముగ్గురూ కుర్చీలు వేయించుకు కూర్చున్నారు. సత్తిబాబు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా.

రెండు గంటల పది నిమిషాలకు వేరే డిపార్టుమెంటు ఆయన రెండు గొట్టాల్లోనూ చుక్కలు వేశాడు. అయిదు నిమిషాలకు ఒక గొట్టం పల్చబడటం మొదలైంది. డీన్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇంకో మూడు నిమిషాలకు గొట్టం వెనకాల గోడమీది క్యాలెండరు మసగ్గా కనపడింది. రెండు గంటల ఇరవై రెండు నిమిషాలకు తారీఖులు చదవవచ్చు. పక్క గొట్టం మజ్జిగ మజ్జిగలాగే ఉంది.

“ఓరి నీ...” అన్నారు డీన్ గారు. ఆయన రెండు పుస్తకాలు రాశారు, పదకొండు సంఘాల్లో సభ్యులు. గోడ కోయడం మాత్రం కంటితో ఎప్పుడూ చూడలేదు. “ఇంకొక్కసారి వేయించండి. రికార్డు కోసం,” అన్నారు. మూడుసార్లు వేయించారు. మూడోసారి ఆయనే లేచి తన చేత్తో చుక్కలు వేశారు.

“నేరం నిస్సందేహంగా రుజువైనది,” అని పంచనామా మీద పోస్టుమాస్టరు గారు సంతకం పెట్టారు.

“ఇంత మంచి నేరం నేనెప్పుడూ చూళ్ళేదండి,” అన్నాడు సత్తిబాబు.

ఇరవై తొమ్మిదో తారీఖున మెమో తయారైంది. నలభై ఒక్క పేజీలు. నేరాన్ని పూర్తిగా వర్ణించకపోతే మెమో చెల్లదు కాబట్టి అందులో ఏదీ వదల్లేదు. ఫేజ్ ఏ చెరువులో దొరికింది, జన్యువును ఎలా విడదీశారు, అక్షరాలన్నీ వరసగా, రెండు ప్రయోగశాలల నివేదికలు, గొట్టాల ఫొటోలు, నిమిష నిమిషానికీ కొలతలు. చివర డీన్ గారి తీర్పు. “పై సాక్ష్యాధారములను బట్టి, శ్రీమతి నడకుదుటి హేమలత అను పరిశోధక విద్యార్థిని, సదరు జన్యువు గోడను కోయు ఎంజైమును తయారుచేయునని ఉద్దేశపూర్వకముగాను, పదేపదేయును, నిజమని తేలు విధముగాను కనిపెట్టియున్నారని నిర్ధారించడమైనది. ఇందుకుగాను ఆమెను తీవ్రముగా మందలించడమైనది. సదరు ఫలితము నేటినుండి క్రమబద్ధమైనదిగా పరిగణించవలెను.”

ఆమెకు పెళ్ళి కాలేదు గదా అని ఎవరో అంటే, “శ్రీమతి” మార్చడానికి మళ్ళీ కమిటీ కూర్చోవాలన్నాడు సూపరింటెండెంటు. ఉండనివ్వమంది హేమలత.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం ఆమె ఇమ్మానియేలు గారి విభాగానికి వెళ్ళింది. థీసిస్ ఆమోద పత్రం ఒక కవరులో, మెమో ఇంకో కవరులో. రెండింటికీ ఒకే రిజిస్టరులో సంతకాలు. ఆమోద పత్రం ఒక పేజీ. అందులో పేరూ తారీఖూ తప్ప చదవడానికేమీ లేదు. దాన్ని సంచిలో పెట్టుకుని, మెమో అక్కడే నిలబడి చదువుకుంది. చదువుతుంటే నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. తను రాసిన థీసిస్ కన్నా తనను తిట్టిన కాగితమే బాగుంది.

అప్పుడు సదానందం గారు లోపలికొచ్చారు. చేతిలో పాత బ్రౌన్ కవరు. ఆమె ఉన్నదని గమనించారో లేదో గానీ, నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

“ఇమ్మానియేలు గారూ, నాకూ ఒకటి కావాలి.”

“ఏంటండి?”

“మెమో.”

సూపరింటెండెంటు కలం కింద పెట్టాడు. సదానందం గారు కవరులోంచి ఒక ఎక్స్‌రే ఫిల్ము తీసి బల్ల మీద పెట్టారు. అంచులు పసుపెక్కిన ఫిల్ము, దాని నిండా సన్నటి నల్లని మెట్లు. యంత్రాలు రాకముందు జన్యువును అలా ఫిల్ము మీదికి దించి, ఒక్కొక్క మెట్టూ కంటితో చూసి అక్షరాలు రాసుకునేవారు.

“తొంభై ఎనిమిదిలో చేశాను,” అన్నారాయన. “కిటికీకి ఆనించి, స్కేలు పెట్టి, పంతొమ్మిది రోజులు చదివాను. నాదీ తోక కాదు. గోడ కోసేదే. ఆ రకం ఎంజైమ్ విబ్రియో ఫేజులో అప్పటికి ఎవరూ చెప్పలేదు. నేనే మొదట. మా గురువు గారు చూసి, సినాప్సిస్‌లో తోకుంది కదయ్యా అన్నారు. తోకనే రాశాను.” ఫిల్మును సూపరింటెండెంటు ముందుకు జరిపారు. “నేనూ అనుమతి లేకుండానే కనిపెట్టాను. రుజువు ఇదిగో. విచారణ జరిపించండి. జూన్ లోపల.”

హేమలత వెళ్ళి ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కింది మెట్టు నుంచి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదవసాగింది. “ఎ, టి, జి... ఎ, ఎ...” ఆమె ఆగినచోట ఆయన అటు చూడకుండానే తరువాతి అక్షరాలు చెప్పేస్తున్నారు. ఆమెకు కళ్ళు చెమర్చి మెట్లు కనపడటం మానేశాయి.

ఇమ్మానియేలు గారు రూల్సు పుస్తకం తీశాడు. తొమ్మిదో రూలు మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాడు. వెనక్కి తిప్పి, అనుబంధాలు కూడా చూశాడు. ఆయన నిజంగానే వెతికాడు. దొరికితే ఆయనకూ సంతోషమే.

“కుదరదండి,” అన్నాడు చివరికి. “మూడేళ్ళు దాటిన నేరానికి విచారణ లేదండి. కాలదోషం పట్టేసింది.”

“చిన్న శిక్షైనా?”

“ఏ శిక్షా వెయ్యడానికి వీల్లేదండి. అప్పుడే ఎవరైనా పట్టుకునుండాల్సింది.”

“ఎవరూ పట్టుకోలేదయ్యా.”

“అయితే ఇంక మీరు నిర్దోషేనండి.”

సదానందం గారు హేమలత చేతిలోంచి ఫిల్ము తీసుకుని కవరులో పెట్టుకున్నారు.

“ఎప్పటికీనా?” అని అడిగారు.

“ఎప్పటికీనండి,” అన్నాడు ఇమ్మానియేలు గారు.